నూనె పట్టిన పియానో

నాదమే దేహమైన తల్లికి, వాయించేవారి వ్రేళ్ల కొసలలో నిలిచే వాగ్దేవికి మ్రొక్కి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. స్వస్తిశ్రీ విళంబి నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి, ఆదివారం. ఇంగ్లీషు లెక్కన 2018 అక్టోబరు 21. ఆనాటి ఉదయం కోరుట్ల బస్టాండులో వేములవాడ బస్సెక్కి, అక్కడ మారి సిరిసిల్ల చేరాను. దసరా వెళ్లి మూడు దినాలు కాలేదు. గుమ్మాలకు కట్టిన బంతిపూలు వాడిపోయి ఉన్నాయి, గల్లీలలో సాంచాల చప్పుడు మళ్లీ మొదలైంది. సాంచా అంటే ఇక్కడి మాటలో మరమగ్గం.

నా వృత్తి వాద్యాలకు శ్రుతి చేయడం. మా తండ్రిగారు పురాణ కాలక్షేపాలకు హార్మోనియం వాయించేవారు. నేను ప్రాచ్య కళాశాలలో ప్రబంధాలు చదువుకొని, పండిత ఉద్యోగం దొరకక, సికింద్రాబాదులో ఒక వాద్యాల దుకాణంలో చేరాను. అక్కడి వృద్ధ ట్యూనరు నాకు పియానో పని నేర్పాడు. ఊరికి తిరిగివచ్చాక నా జీవనం భజన మండళ్ల హార్మోనియాలతోనే గడిచింది. ఈ చుట్టుపట్ల పియానోలు రెండే ఉండేవి: ఒకటి కోరుట్లలోని ఒక మిషన్ బడిలో, మరొకటి జగిత్యాలలోని ఒక పాత చర్చిలో.

ఈ పని తెలియనివారికి ఒక్క విషయం ముందే చెప్పాలి. పియానో లోపల రెండు వందలకు పైబడిన ఉక్కు తీగలుంటాయి. ప్రతి తీగ కొస ఒక్కొక్క మొలకు చుట్టి ఉంటుంది. దానిని ట్యూనింగ్ పిన్ అంటారు. ఆ మొలను బిగించి ఉంచే నట్టు ఏదీ ఉండదు. పిన్ బ్లాక్ అనే గట్టి కొయ్యపలకలో, ఇరుకైన రంధ్రంలోకి దానిని కొట్టి దించుతారు. తీగ రేయింబవళ్లు లాగుతూనే ఉంటుంది. మొలను కొయ్య పట్టుకొనే ఉంటుంది. నేను ట్యూనింగ్ లీవర్ అనే పిడితో ఆ మొలను వెంట్రుకవాసి త్రిప్పి స్వరాన్ని నిలుపుతాను. కొయ్య పట్టు వదిలిందా, శ్రుతి అనేది ఇక లేదు.

కోరుట్ల బడిలోని పియానోకు ప్రాణం పోసినది ఒడిల్ అనే ఫ్రెంచి స్త్రీ. సంగీతం నేర్పుతానని మూడు దశాబ్దాల క్రితం ఒక యేడాదికి వచ్చి, ఉండిపోయింది. పిల్లల నోట ఒడిలమ్మ అయింది. తెలుగు ఆమె పుస్తకాలలో నేర్వలేదు. కోరుట్ల అంగట్లో, హాస్టలు వంటింట్లో నేర్చింది. నా వంటి ముసలివాణ్ణి కూడా ‘నువ్వు’ అనే పిలిచేది. నాకెన్నడూ తప్పు తోచలేదు.

శ్రుతి చేసేటప్పుడు ప్రక్కనే కూర్చొని తన చదువు సంగతులు చెప్పేది. ఫ్రాన్సులో ప్రతి పట్టణంలోనూ కన్సర్వత్వార్ అనే సంగీత పాఠశాల ఉంటుందట.

“నేను ఏడేండ్లకు బళ్లె వడ్డ. ఏడాది దాక పియానో ముట్టనియ్యలే,” అని నవ్వేది. “ఒట్టిగ సోల్ఫేజ్. సురం సూసి పేరు చెప్పుడు, పేరు సూసి పాడుడు. మా టీచరమ్మ గ్లాసు మీద చెంచతోని కొట్టి, గిదేం సురం అని అడుగుతుండె. చెప్పకపోతె గోడకు నిలబడాలె.”

“మా అధ్యయనం వంటిదేనమ్మా! అర్థం అడుగనియ్యకుండ వేదపన్నాలు వల్లెవేయించిండ్రు మాకు,” అన్నాను.

“గదే. గట్ల ఎముకలకు వట్టిపోతది.”

ఎనిమిదేళ్ల అభ్యాసం మీద పారిస్‌లోని పెద్ద విద్యాలయంలో ప్రవేశం. దానికి జ్యూరీ ముందు పరీక్ష, మీదుమిక్కిలి వయోపరిమితి. చివర ప్రథమ బహుమతి పుచ్చుకొని బయటకు వచ్చింది. ప్రథమ బహుమతి అంటే ఒక్కరికే దక్కేది కాదట. ఆ శ్రేణిలో నెగ్గిన ప్రతివారికీ ఇచ్చే పేరు. ఆ తరువాత పోటీలు, మొదటి వడపోతలోనే నిష్క్రమణ, నాట్య పాఠశాలలో పిల్లల అడుగులకు వాయించడం, చిన్న ఊళ్లో ఉపాధ్యాయిని పని.

“మా క్లాసుల అందరం మంచిగనే కొడుతుండె. కచేరీలతోని బతికింది ఒక్కడే,” అన్నదొకసారి. “మిగిలినోళ్లందరం పిల్లలకు నేర్పినం. ఆ పిల్లలు మల్ల పిల్లలకు నేర్పుతరు.” ఆ మాట చెప్పి పియానో మూత మూసింది.

ఆమె అలా నేర్పినవారిలో ఎముకలకు పట్టినది ఒక్కర్తికే: సిరిసిల్ల రాజేశం కూతురు శ్రావణి. రాజేశం ఆసామి, అనగా సేటు ఇచ్చే నూలుతో సాంచాలు నడిపి కూలికి బట్ట నేసి ఇచ్చేవాడు. తల్లి విజయ బీడీలు చుట్టేది. బంధువుల ప్రోద్బలం మీద ఆ పిల్లను చిన్ననాడే కోరుట్ల హాస్టల్లో వేశారు. పన్నెండేళ్లు ఒడిలమ్మ చేతిలో పెరిగింది. బడివారు సంగీతపు గదిని కంప్యూటర్లకు ఇచ్చివేసినప్పుడు, ఆ పియానోను రాజేశం ట్రాలీలో సిరిసిల్లకు తెచ్చుకొని ముందరి గదిలో పెట్టాడు. వెనుక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు. వాటి అదురుకు శ్రుతి చెదిరేది, అందుచేత నేను తరచుగా వెళ్లవలసి వచ్చేది. ప్రతి ఉదయం ఎనిమిదికి రాజేశం స్విచ్చి కట్టేసేవాడు. సాంచా ఆగితే కూలి ఆగుతుంది. అయినా బిడ్డ సాధన ముగిసేదాకా గల్లీలో ఆ ఒక్క షెడ్డే నిశ్శబ్దంగా ఉండేది.

ఆ పిల్ల చెవి సంగతి ఒకటి చెప్పాలి. దో, ఫా, లా, సీ అనేవి ఒడిలమ్మ నేర్పిన స్వరాల పేర్లు. వంటింట్లో నుండే కేకవేసేది: “నాన్నా, మూడో సాంచ ఫా నుంచి కిందికి దిగుతుంది సూడు!” రాజేశం వెళ్లి చూస్తే బెల్టు వదులై ఉండేది. “మేస్త్రికి గూడ దొరకనిది నా బిడ్డకు దొరుకుతది,” అని వచ్చినవారికల్లా చెప్పుకొనేవాడు.

ఆ ఆశ్వయుజంలో శ్రావణి పారిస్‌లోని ఒక సంగీత విద్యాలయానికి దరఖాస్తు చేసింది. విదేశీయులు తొలుత వీడియో పంపాలి. కరెంటు కీబోర్డు పనికిరాదు; తీగల పియానో మీదనే, ఎక్కడా కత్తిరించకుండా వాయించాలి. గడువు ఆ వారాంతం. వయోపరిమితి ఆ యేటితో తీరిపోతుంది. ఇది కాకపోతే మరి లేదు. బుధవారం చిత్రీకరణ అనుకొన్నారు. ఆదివారం నేను చివరి శ్రుతి చేయడానికి వెళ్లాను.

“రాండ్రి పంతులూ, కూసోండ్రి,” అంటూ రాజేశం లేచాడు. నా కోసమే సాంచాలు ఆపి ఉంచాడు. పియానోకు పసుపు బొట్లు, కుంకుమ, మెడలో వేసినట్లు పెద్ద బంతిపూల దండ.

గడప దగ్గర చేట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్న విజయ తల ఎత్తకుండానే అంది: “సూడుండ్రి పంతులూ. పండుగకు నాకు చీరె దేలే గని పియానకు దండ తెచ్చిండు.”

“నీకు దండేస్తె నువ్వు పాట పాడుతవా?” అన్నాడు రాజేశం.

“పాడుతున్న గద ఇరవై ఐదేండ్ల సంది. నీకే చెవులు లేవు.”

లోపల టీ పెడుతున్న శ్రావణి ఫక్కున నవ్వింది. ఆ యింట్లో నేను విన్న చివరి నవ్వు అది.

దండ తీసి, పైమూత తెరిచి, లీవరును నడిమి స్థాయిలోని ఒక మొలకు తగిలించాను. మొల త్రిప్పేటప్పుడు కొయ్య ఎదురుతిరగాలి. ఆ ఎదురే మాకు భరోసా. నా మణికట్టుకు ఏ ఎదురూ తగులలేదు. నేతిలో గరిటె తిరిగినట్లు తిరిగింది. స్వరం పైకి తెచ్చి చేయి తీశాను. నేను వింటుండగానే అది జారి క్రిందికి దిగింది. ప్రక్క మొల చూశాను, దాని ప్రక్కది చూశాను. ప్రతి మొల చుట్టూ కొయ్యమీద నల్లని వలయం. వ్రేలితో తాకి వాసన చూశాను. మెషీన్ ఆయిల్.

“రాజేశం, దీంట్ల నూనె ఎవరేసిండ్రు?”

అతని ముఖం విప్పారింది. “నేనే ఏసిన పంతులూ. నవమినాడు, ఆయుధపూజకు. సాంచలు కడిగి, తుడిసి, నూనె పెట్టినంక, గిది గూడ మన ఇంట్ల పనిముట్టే గద, దీన్నొక్కదాన్ని ఇడిసిపెడితె ఎట్ల అనుకున్న. మూత తీసి సూస్తె మొలలన్ని చిలుము వట్టినయ్. గందుకే గీ నొక్కే మెట్లు గట్టిగున్నయేమో అని, ఒక్కొక్క మొలకు మంచిగ కుప్పెతోని పోసిన. పొద్దున ఒకసారి, పొద్దుమూకి ఒకసారి.”

“అన్నిటికా?”

“ఒక్కటి గూడ ఇడువలే.”

నూనె కుప్పె పట్టుకొని, చీకటి షెడ్డులో, ఇరుసులను, గొలుసులను ఒక్కటీ విడువకుండా తడిపి నలభై ఏళ్లు బ్రతికిన మనిషి అతడు. వాళ్లలో మంచి పనివాడికి అదే గుర్తు. నేను లీవరు క్రింద పెట్టడం చూసి అడిగాడు.

“ఏమైంది పంతులూ?”

చెప్పాను. మెల్లగా, మొల ఎట్లా నిలుస్తుందో, కొయ్య ఎట్లా పట్టుతుందో. విజయ చేతిలోని బీడీ కత్తెర ఆగింది.

“తుడిసేద్దం. బట్ట పెట్టి తుడుస్త. కిరసనాయిలు పోసి కడుగుదమా?”

“కొయ్య తాగింది రాజేశం. బయటికి రాదు.”

“సాంచకు నూనె లేకపోతె సస్తది పంతులూ,” అన్నాడు. అడుగుతున్నాడో, తనకు తాను చెప్పుకొంటున్నాడో తెలియలేదు. “గిది నూనె పోస్తె సస్తదా?”

శ్రావణి టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటినుండి ఉన్నదో గమనించలేదు. పళ్లెం క్రింద పెట్టి, పియానో దగ్గరకు వచ్చి ఒక మెట్టు నొక్కి విన్నది. మళ్లీ నొక్కింది.

“లా కిందికి జారింది, తాతా. ఇంక నిలవడదా?”

“నిలవడదు బిడ్డా.”

ఆ పిల్ల తండ్రివైపు చూడలేదు. చున్నీ కొసతో ఒక మొలను తుడిచింది, ఇంకొక మొలను తుడిచింది. అటు తిరిగే ఉండి అన్నది: “నాన్నా, సాంచలు చాలూ జేయి పో. ఇంక బంద్ పెట్టుడెందుకు?”

అతడు వెళ్లాడు. కాసేపటికి షెడ్డులో ఒకటి తరువాత ఒకటిగా నాలుగూ కదిలాయి. ఆ చప్పుడులో ఆమె ఏడ్చినది వినబడలేదు.

మధ్యాహ్నం దాకా నాకు తెలిసిన ఉపాయాలన్నీ చేశాను. మొలలను సుత్తితో ఇంకా లోనికి దింపాను; కొన్నిటిని తీసి, రంధ్రంలో గరుకు కాగితం చుట్టి మళ్లీ కొట్టాను. పలకనే మార్చాలి, అది కర్మాగారంలో నెలల పని. సాయంత్రం కోరుట్లకు వెళ్లి ఒడిలమ్మకు చెప్పాను. “జగిత్యాలది ఉన్నది గద,” అన్నదామె.

జగిత్యాల చర్చిలోని పియానోను ఎవరూ వాయించక యేళ్లయింది. తీగలను కొట్టే సుత్తుల ఉన్నికి చిమ్మట పట్టింది, తీగలు ఎర్రబారాయి. సోమ, మంగళవారాలు అక్కడే కూర్చున్నాను. అసలు చిక్కు వేరు. తీగలన్నీ వదులై, వాద్యం మొత్తం అర్ధస్వరం క్రిందికి దిగిపోయింది. అనగా ఒక మెట్టు నొక్కితే దాని క్రింది మెట్టు స్వరం పలుకుతుంది. పైకి లాగబోతే మొదటి తీగే తెగి నా చెంప మీద గీరింది. అన్నిటినీ లాగితే సగం తెగుతాయి. సోమవారం సాయంత్రం ఒడిలమ్మా, శ్రావణీ చూడవచ్చారు.

“ఉన్నకాడనే ఉంచి, తమలో తాము కలిసేటట్టు శ్రుతి చేస్తనమ్మా,” అన్నాను. మన సంగీతంలో అది లోపం కాదు. ఆధార షడ్జం పాడేవాని గొంతును బట్టి పైకో క్రిందికో జరుగుతుంది. షడ్జం ఎక్కడ పెడితే అక్కడే ఇల్లు.

ఒడిలమ్మ శ్రావణి వైపు చూసింది. ఆ చూపులోని భయం నాకప్పుడు అర్థం కాలేదు.

“ఇంకో తొవ్వ లేదా?”

“లేదు. సికింద్రాబాదుల మా దుకానం మూతవడ్డది, ఇంకెవరింట్లనో పియానో రెండు దినాలల్ల దొరకది.”

“అయితె గట్లనే కానియ్యి.”

బుధవారం పౌర్ణమి. పెళ్లిళ్లకు వీడియో తీసే యువకుడు లైట్లు పెట్టాడు. రాజేశం లోనికి రాలేదు. చెప్పులు చేతిలో పట్టుకొని చర్చి మెట్ల మీద కూర్చున్నాడు. శ్రావణి మొదలుపెట్టింది. నాలుగు చరణాల దాకా బాగానే నడిచింది. ఉన్నట్టుండి ఎడమచేయి ప్రక్క మెట్టు మీద పడింది. ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కుడిచేయి జరిగింది.

“ఏమైంది బిడ్డా?” అన్నాను.

“దో కొడితె సీ అంటుంది, తాతా. కండ్లు ఒకటి చెప్తున్నయ్, చెవులు ఒకటి చెప్తున్నయ్. నా చేతులు చెవులెంబడి పోతున్నయ్.”

అప్పుడు తెలిసింది నాకు. ఫ్రెంచి చదువులో ‘దో’ జరిగే షడ్జం కాదు; అది ఒకే చోట, ఒకే ఎత్తులో కదలక నిలిచే స్వరం. గ్లాసు మీద చెంచాతో కొట్టి నేర్పిన విద్య అది. అచ్చంగా అట్లే అబ్బిన పిల్లకు ఈ పియానో ప్రతి అక్షరమూ తప్పు పలుకుతున్నది.

“అక్కా, మల్ల ఒకసారి తీద్దమా?” అన్నాడు వీడియో యువకుడు. “నాకు సాయంత్రం ధర్మపురిల దావత్ ఉన్నది.”

ఒడిలమ్మ లేచి వచ్చి, వెనుక నిలబడి, తన రెండు అరచేతులతో శ్రావణి చెవులు కప్పింది. “ఇనకు. సూడు, అంతే. కొట్టు.” ఆ విధంగా ఒకసారి అభ్యాసం చేసి, పిమ్మట చేతులు తీసి చిత్రీకరించారు. చివరిదాకా తప్పులేకుండా వాయించింది. అయితే చీకటిలో, తెలియని ఇంట్లో, గోడ పట్టుకొని నడిచే మనిషి నడక అది. ఆ పిల్ల సాధన నేనెన్నో ఉదయాలు విన్నాను. ఇది ఆ వాదనం కాదు. ఆ రోజే దానిని పంపారు.

శ్రావణిని తండ్రి తీసుకొని వెళ్లాక, చర్చి ఆవరణలో ఒడిలమ్మా నేనూ మిగిలాము. రాజేశం ప్రేమతో చేసిన పనికి ఇంత ఫలమా అని నేనేదో అన్నాను.

“రాజేశంను ఏమనకు,” అన్నది. “ఆయన ఒక్క దినమే పోసిండు నూనె. నేను పన్నెండేండ్లు పోసిన.”

“అదేం మాటమ్మా?”

“నాకు నేర్పిన తీరుగనే నేర్పిన. గా తీరు మా ఊళ్లె నడుస్తది. వాడకో పియానో ఉంటది, అన్నీ ఒక్క శ్రుతిల ఉంటయ్. ఈడ నా చెవి తీసి పోరికి పెట్టిన. ఆ చెవి బతికేటందుకు ఊళ్లె ఏముందో సూడలే.” చర్చి తలుపు గొళ్లెం వేస్తూ, “ఆడ గూడ అందరం బతకలే. గా సంగతి తెల్సి గూడ పెట్టిన,” అన్నది.

పనిముట్లు సంచిలో సర్దుకొన్నాను.

పుష్యమాసంలో కబురు వచ్చింది. ఎంపిక కాలేదు. కారణం చెప్పలేదు, చెప్పే ఆచారం లేదట. ఆ వారమే నేను సిరిసిల్లలో ఒక భజన మండలి హార్మోనియం పనిమీద ఉండగా, రాజేశం నన్ను వెదుక్కొంటూ వచ్చాడు. చాయ్ హోటల్ ముందు నిలబెట్టి అడిగాడు.

“నూనెతోనేనా పంతులూ?”

“నూనె లేకుంటె ఏమయ్యేదో నేను చెప్పలేను రాజేశం. పెద్ద పెద్దోళ్ల పిల్లలు గూడ ఆడ వెనుకకు వస్తరు.”

“చెప్పలేను అంటున్నరు,” అన్నాడు. “కాదు అంటలేరు.”

అతడు సైకిలు త్రిప్పుకొని వెళ్లిపోయాడు.

ఈ వృత్తిలో నేను నేర్చినదంతా ఒక్క మాటలో పెట్టవలసివస్తే ఆ మొలల దగ్గరకే వెళతాను. నూనె కదలికకు ప్రాణం, పట్టుకు మృత్యువు. లోకంలో కొన్ని కదిలి బ్రతుకుతాయి, కొన్ని పట్టుకొని బ్రతుకుతాయి. ఏది ఏదో తెలియనంతవరకు, ఎంత ప్రేమతోనైనా చేయి పెట్టరాదు. ఆనాటి నుండి ఎవరింట వాద్యానికి శ్రుతి చేసినా, లేచేముందు ఇంటి యజమానిని పిలిచి, లోపల ఏది ముట్టవచ్చునో ఏది ముట్టరాదో చూపించి వస్తున్నాను. ఇది జగిత్యాల పియానో దగ్గర నాకు కలిగిన దుఃఖాన్ని తీర్చలేదు. అక్కడ ఎవరూ ఏదీ పోయలేదు. పిల్లకు విద్య పరిపూర్ణంగా వచ్చింది, అంతే.

ఒడిలమ్మ ప్లవ నామ సంవత్సర మాఘమాసంలో, అనగా 2022 ఫిబ్రవరిలో, కోరుట్లలోనే గతించింది. శోభకృత్ నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ నవమి, సోమవారం, 2023 అక్టోబరు 23న నేను సిరిసిల్లలో రాజేశం ఇంటికి వెళ్లాను. శ్రావణి షెడ్డులో తండ్రితోపాటు సాంచాలు నడుపుతున్నది. చెవులలో దూది పెట్టుకొని ఉంది. నాలుగు సాంచాలకూ కడిగి, నూనె వేసి, పసుపు కుంకుమ పెట్టారు. ముందరి గదిలో పియానోకు బొట్టు పెట్టారు, దండ వేశారు. నూనె కుప్పె మాత్రం ఆ గది గడప అవతలనే ఉంది.